గేటు లేని కాలేజీ

కుపర్టినో వెళ్తున్నా అని వాట్సాప్ స్టేటస్ పెట్టగానే వచ్చిన రిప్లైలన్నీ ఒకటే. 'ఆపిల్ పార్క్ దగ్గర ఫొటో దిగు.' మా టీమ్‌లో ఒకడైతే అక్కడి విజిటర్ సెంటర్‌లో కొనాల్సిన టీషర్ట్ సైజు కూడా పంపేశాడు.

టీషర్ట్ కొనలేదు. ఆపిల్ పార్క్ చూడనేలేదు. కుపర్టినోలో నాకు దొరికిన ఒకే ఒక్క ఖాళీ రోజు మా అక్క కాలేజీ అడ్మిషన్‌కి పోయింది. అక్కకి ముప్ఫై మూడేళ్లు. ఏడేళ్ల కూతురు.

ఆఫీసు పని మీద మూడు వారాలు అమెరికా పంపారు నన్ను. బీ-1 వీసా, శాన్‌ఫ్రాన్సిస్కోలో మీటింగులు. ఆగస్టు చివరి వారం మాత్రం శాన్‌హోజేలో అక్క వాళ్లింట్లో దిగా. వెళ్లిన రోజు రాత్రి, గోంగూర పప్పు వడ్డిస్తూ అక్క మామూలుగా అడిగింది.

"ఒరేయ్, డి ఆంజా కాలేజీకి అప్లై చేద్దామనుకుంటున్నా. ఆ ఫారమ్ కాస్త చూసిపెడతావా?"

బావ తల పైకెత్తలేదు. నవ్వుతున్నాడు. అంటే ఆయనకి ముందే తెలుసు. నాకే కొత్త.

ముందు కాస్త పాత కథ

మాది సత్తెనపల్లి దగ్గర ఊరు. నాన్న కౌలు రైతు, మిర్చి వేసేవాడు. నేను పదో తరగతి పాసైన ఏడాది మిర్చి దెబ్బకొట్టింది. అదే ఏడాది నన్ను గుంటూరులో రెసిడెన్షియల్ ఇంటర్ కాలేజీలో చేర్చారు. అప్పుడు అక్క డిగ్రీ రెండో ఏడాది, బీజెడ్‌సీ. సెలవులకి ఇంటికొచ్చిన అక్క మళ్లీ కాలేజీకి వెళ్లలేదు. ఊళ్లోని ప్రైవేటు స్కూల్లో ఎల్‌కేజీ పిల్లలకి చెప్పడానికి చేరింది. నెలకి మూడున్నర వేలు. ఆ డబ్బు నా మెస్ బిల్లుకి వెళ్లేది.

ఆ సంగతి నాకు బీటెక్ మూడో ఏడాదిలో గానీ తెలియలేదు. అప్పటికి అక్కకి పెళ్లయిపోయింది. పెళ్లి సంబంధాల కోసం రాసిన బయోడేటాలో చదువు దగ్గర 'బీఎస్సీ' అని ఉంది. 'డిస్కంటిన్యూడ్' అన్న మాట ఎవరూ రాయలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ రాత్రి ఫారమ్‌లో ఆ మాట మళ్లీ ఎదురైంది.

డైనింగ్ టేబుల్ మీద అడ్మిషన్

కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీలు 116 ఉన్నాయి. అన్నీ ప్రభుత్వానివే. దేనికి అప్లై చేయాలన్నా సీసీసీ అప్లై అనే ఒకటే సైటు. అక్కడ ముందు ఒక అకౌంట్ తెరవాలి, తర్వాత కాలేజీని ఎంచుకోవాలి. ఫీజు లేదు. డబ్బులు అడిగే సైటు ఏదైనా కనిపిస్తే వెంటనే బయటికొచ్చేయండి, అది అసలుది కాదు. ఎఫ్-1 వీసా మీద మన దగ్గర్నుంచి చదవడానికి వచ్చేవాళ్ల దారి వేరు. వాళ్లకి వేరే అప్లికేషన్, ఐ-20, బ్యాంకు పేపర్లు, అదంతా పెద్ద కథ. అక్కది హెచ్-4, డిపెండెంట్ వీసా. బావకి ఐ-140 ఇంకా అప్రూవ్ కాలేదు కాబట్టి అక్క ఉద్యోగం చేయకూడదు. చదువుకోవచ్చు. దానికి వీసా మార్చుకోవాల్సిన పని కూడా లేదు. 'చేయకూడదు'లతో నిండిపోయిన ఆ వీసాలో ఇదొక్కటి 'చేయొచ్చు'.

ఎంసెట్ ర్యాంకు, కౌన్సెలింగ్, వెబ్ ఆప్షన్లు చూసినవాడిని కదా, ఫారమ్‌లో మార్కులు ఎక్కడ అడుగుతారా అని కిందికి స్క్రోల్ చేస్తూనే ఉన్నా. అడగలేదు. ర్యాంకు కాలమ్ లేదు. పద్దెనిమిదేళ్లు నిండి, చదువు వల్ల ప్రయోజనం పొందగలిగే ఎవరినైనా చేర్చుకోవాలన్నది అక్కడి రూలు. ఇంగ్లిష్‌లో, లెక్కల్లో ఏ క్లాసు నుంచి మొదలుపెట్టాలో తేల్చడానికి కూడా పరీక్ష పెట్టరు. కొన్ని ప్రశ్నలకి మనమే జవాబులిచ్చి మన స్థాయి మనమే చూసుకోవాలి.

మార్కులు అడగని ఆ ఫారమ్ వేరే ప్రశ్నలు అడిగింది.

మొదటిది, మీ వయసెంతైనా సరే, మిమ్మల్ని పెంచినవాళ్లు ఎంతవరకు చదివారు? డ్రాప్‌డౌన్ తెరిస్తే మొదట్లోనే 'తొమ్మిదో తరగతి లేదా అంతకన్నా తక్కువ' అని ఉంది. అమ్మ ఐదు. నాన్న ఎనిమిది. అక్క రెండుసార్లు అదే నొక్కింది. "ఇదెందుకురా వీళ్లకి?" అంది. ఇంట్లో కాలేజీ ముఖం చూసిన మొదటి తరం ఎవరో తెలిస్తే సాయం చేయడానికి అని చెప్పా. "నువ్వు చేరేటప్పుడు అడిగారా?" అంది. అడగలేదు. నాన్న సంతకం మాత్రం అడిగారు.

రెండోది, మీ చదువు ఎంతవరకు?

అక్క చెయ్యి ట్రాక్‌ప్యాడ్ మీద ఆగిపోయింది. బావ లేచి పాపని పడుకోబెట్టడానికి లోపలికి వెళ్లాడు. కావాలనే వెళ్లాడనుకుంటా.

"ఇక్కడ బీఎస్సీ అని పెడితే సర్టిఫికెట్ అడుగుతారా?"

"అడగొచ్చు. అడక్కపోయినా చివర్లో ఇదంతా నిజమేనని ప్రమాణం చేయాలి. అబద్ధం రాస్తే చట్టప్రకారం తప్పు."

"బావకి ఎప్పుడో చెప్పేశారా. పెళ్లయిన నెలకే. అత్తమ్మకే తెలీదు," అని నవ్వి, వేరే దేశంలో హైస్కూల్ స్థాయి పూర్తిచేసినట్టు ఉండే ఆప్షన్ నొక్కింది. మన ఇంటర్మీడియట్ అక్కడికే వస్తుంది. పదమూడేళ్లుగా మోసినది ఒక్క క్లిక్కుతో దిగిపోయిందని రాయాలని ఉంది గానీ, అలా ఏమీ కాలేదు. క్లిక్ చేశాక లేచి వెళ్లి మంచినీళ్లు తాగొచ్చింది.

మూడోది, ఏం చదువుతారు, ఎందుకు?

ఇక్కడే నేను నోరు జారా. "కంప్యూటర్ సైన్స్ పెట్టు అక్కా. నేను చూసుకుంటా. రెండేళ్లు ఇక్కడ, తర్వాత యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్. ఈఏడీ వచ్చేసరికి జాబ్‌కి రెడీ."

నేను చెప్పిన దాంట్లో తప్పేం లేదు. ఇక్కడ రెండేళ్లు చదివి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకో, స్టేట్ యూనివర్సిటీకో మూడో ఏడాదిలో చేరేవాళ్లు చాలామంది. పై చదువుకి అందరికీ దారి ఉండాలని 1960లో కాలిఫోర్నియా వేసుకున్న మాస్టర్ ప్లాన్‌లోనే ఆ మెట్లు ఉన్నాయి. అక్క అంతా విన్నది. తర్వాత 'చైల్డ్ డెవలప్‌మెంట్' ఎంచుకుంది.

"ఎల్‌కేజీ పిల్లలకి చెప్పడం నాకు ఇష్టం. నీ ఫీజు కట్టాను గానీ, ఏ బ్రాంచ్ తీసుకోవాలో నేను చెప్పలేదు కదరా."

నేనింకేం మాట్లాడలేదు. ఆ ఇబ్బంది కప్పిపుచ్చుకోవడానికి ల్యాప్‌టాప్ నా వైపు తిప్పుకుని మిగతా ఫారమ్ టకటకా నింపేశా. అదే కొంప ముంచింది.

ఒక తేదీ తేడా

రెండు రోజుల్లో కాలేజీ నుంచి మెయిల్ వచ్చింది. స్టూడెంట్ ఐడీ ఇచ్చారు. అక్క ఆ నంబరు పేపరు మీద రాసి ఫ్రిజ్‌కి అంటించింది. లోపల పోర్టల్‌లోకి వెళ్లి చూస్తే నాన్-రెసిడెంట్ అని ఉంది.

దీని సంగతి చెప్పాలి. కాలిఫోర్నియా నివాసిగా లెక్కలోకి వస్తే డి ఆంజాలో యూనిట్‌కి 31 డాలర్లు. ఒక మామూలు క్లాసు నాలుగు యూనిట్లు అనుకుంటే 124 డాలర్లు, చిన్నాచితకా ఫీజులు అదనం. నివాసి కాకపోతే దానికి ఎన్నో రెట్లు. నివాసి అనిపించుకోవాలంటే టర్మ్ మొదలయ్యేనాటికి ఏడాది దాటి కాలిఫోర్నియాలో ఉండాలి, ఇక్కడే ఉండిపోవాలన్న ఉద్దేశం ఉండాలి, రెండింటికీ కాగితాలుండాలి. హెచ్-4 వాళ్లకి ఈ అర్హత ఉంది. నాలా బీ-1 మీద వచ్చినవాళ్లకి లేదు. అసలు మేం కోర్సులోనే చేరకూడదు.

అక్క వాళ్లు టెక్సస్ నుంచి కాలిఫోర్నియాకి వచ్చింది నిరుడు జూలైలో. ఈ సెప్టెంబర్ చివర్లో క్లాసులు మొదలయ్యే నాటికి పద్నాలుగు నెలలు. హాయిగా సరిపోవాలి. కానీ నేను వేసిన తేదీ ఈ ఏడాది జనవరి. బావ ఇచ్చిన లీజు పేపరు చూసి వేశా. అది వాళ్లు ఇల్లు మారిన తేదీ.

పదేళ్లు చదివించి, ఆరేళ్లుగా జీతమిస్తుంటే, తేదీ ఒకటి సరిగ్గా కొట్టలేకపోయా. అక్క తిట్టలేదు. "పద, వెళ్లి చెబుదాం" అంది. అలా గురువారం పొద్దున కార్యక్రమం ఖరారైంది. ఆపిల్ పార్క్ పోయింది.

23 నంబరు బస్సు

కారు బావ తీసుకెళ్లాడు. మేం స్టీవెన్స్ క్రీక్ బులెవార్డ్ మీద 23 నంబరు బస్సెక్కాం. దాని చివరి స్టాపే డి ఆంజా కాలేజీ. దారంతా కార్ల షోరూములు, షాపింగ్ మాళ్లు, మధ్యమధ్య ఇండియన్ గ్రాసరీ బోర్డులు. ఈ లోయంతా ఒకప్పుడు ఆప్రికాట్, ప్లమ్ తోటలేనట. చిప్పులు వచ్చాక చెట్లు పోయాయి. మా బస్సులో వెనక సీట్లో ఇద్దరు కుర్రాళ్లు కాలిక్యులస్ హోంవర్క్ చేసుకుంటున్నారు. పక్కన యూనిఫాంలో ఉన్న ఒక పెద్దాయన, ఒళ్లో బ్యాగు, బ్యాగులోంచి తొంగిచూస్తున్న అకౌంటింగ్ పుస్తకం.

బస్సు దిగి గేటు కోసం చూశా. లేదు.

నిజంగానే లేదు. రోడ్డు మీంచి నడుచుకుంటూ వెళ్తే కాలేజీ మొదలైపోయింది. వాచ్‌మన్ లేడు, రిజిస్టర్‌లో సంతకం లేదు, మెడలో ఐడీ కార్డు ఏదని ఆపేవాడు లేడు. ట్యాగ్ మర్చిపోతే ఎండలో నిలబెట్టే కాలేజీలో నాలుగేళ్లు చదివినవాడిని. అలవాటు కొద్దీ చొక్కా జేబు తడుముకున్నా.

ఎర్ర పెంకుల కప్పులు, వరండాలు, చెట్ల కింద బెంచీలు. పడమర దిక్కున శాంటాక్రూజ్ కొండలు. ఒక పక్క తెల్ల స్తంభాల పాత భవంతి ఉంది. పేరు లె పెటీ ట్రియనాన్. కాలేజీ రాకముందు ఇక్కడ ద్రాక్షతోటలుండేవి, అది ఆ తోటల యజమాని ఇల్లు. కాలేజీ 1967లో మొదలైంది. స్పెయిన్ నుంచి వచ్చిన వాళ్ల కాలంలో ఈ ప్రాంతానికి దండు నడిపిన జువాన్ బటీస్టా డి ఆంజా పేరు పెట్టారు.

టెక్ పిచ్చి ఉన్నవాళ్లకి ఇంకో మాట. 1984 జనవరి 24న స్టీవ్ జాబ్స్ మొట్టమొదటి మాకింటోష్‌ని సంచిలోంచి తీసి చూపించింది ఈ కాలేజీ ఆవరణలోని ఫ్లింట్ సెంటర్‌లోనే. 2014లో ఐఫోన్ 6ని, ఆపిల్ వాచ్‌ని పరిచయం చేసింది కూడా అక్కడే. 2019లో ఆ హాలు మూసేశారు. ఇంకా వెనక్కి వెళ్తే, ఆపిల్ పెట్టిన ఇద్దరు స్టీవ్‌లలో రెండో ఆయన, వోజ్నియాక్, కొలరాడోలో ఒక ఏడాది చదివి ఇంటికొచ్చాక చేరింది ఈ డి ఆంజాలోనే. ఆ తర్వాతే బర్కిలీ.

ఇదంతా అక్కకి ఉత్సాహంగా చెప్పా. "మరింకేం, ఆపిల్ చూడలేదని ఏడవకు," అంది.

పిల్లల అరుపులు వినబడి అక్క ఆగింది. కాలేజీలోనే చైల్డ్ డెవలప్‌మెంట్ సెంటర్ ఉంది. కంచె అవతల చిన్నపిల్లలు. ఇక్కడి కోర్సు ఆ పిల్లలకి ఇంత దగ్గర్లో నడుస్తుంది. అక్క కంచె దగ్గర కాసేపు నిలబడింది. ఒక బుడ్డోడు షూ ఎడమది కుడికి వేసుకుని తంటాలు పడుతున్నాడు. "వాడికి ఎవరైనా చూపించండ్రా," అని తెలుగులోనే గొణిగింది. ఇంతలో ఒక అమ్మాయి వచ్చి వాడి ముందు కూర్చుంది. షూ మార్చలేదు. వాడే మార్చుకునేదాకా అలా చూస్తూ కూర్చుంది. అక్క అదంతా అయ్యేదాకా కదల్లేదు.

మీ పేరు మీద ఏముంది?

రిజిస్ట్రేషన్ ఆఫీసులో లైను పెద్దగా లేదు. కౌంటర్ వెనక నెరిసిన జుట్టు ఆవిడ. నేను ముందుకెళ్లి గబగబా మొదలుపెట్టా. తేదీ నేనే తప్పు వేశా, నిజానికి జూలై, ఇదిగో లీజు... ఆవిడ ఓపిగ్గా విని, నన్ను కాకుండా అక్కని చూసి అడిగింది.

"మీ పేరు మీద ఏదైనా ఉందా?"

అక్క ఫైలు తెరిచింది. పాత లీజు బావ పేరు మీద. కరెంటు బిల్లు బావ పేరు మీద. ఇంటర్నెట్, బ్యాంకు, కారు ఇన్సూరెన్సు, ఫోను ప్లాను, అన్నీ ఆయన పేరు మీదే. లీజులో అక్క పేరు ఉంది గానీ, కింద 'ఇంకా ఉండేవాళ్లు' అన్న చోట, పాప పేరు పైన. బావ తప్పేం లేదు. డిపెండెంట్ అన్నాక కాగితాలన్నీ అటే పోగవుతాయి. సత్తెనపల్లిలోనూ అంతే కదా, రేషన్ కార్డు నాన్నది, నా ఫీజు రసీదులు నావి. అక్క జీతం మాత్రం ఏ రసీదులోనూ లేదు.

అక్క కాగితాలు తిప్పుతూనే ఉంది. నాకు చెమటలు. తను మాత్రం కంగారు పడలేదు. ఫైలు అడుగు నుంచి మూడు తీసి వరసగా కౌంటర్ మీద పెట్టింది.

ఒకటి, డ్రైవింగ్ లైసెన్స్. నిరుడు సెప్టెంబర్ మొదటి వారంలో వచ్చింది. రెండో ప్రయత్నంలో పాసైంది. రెండు, బావతో కలిపి వేసిన స్టేట్ ట్యాక్స్ రిటర్న్. అందులో తన పేరుంది. మూడు, పాపని ఇక్కడి స్కూల్లో చేర్చినప్పటి కాగితం. నిరుడు ఆగస్టు తేదీ, తల్లి సంతకం.

ఆ మూడోది నేను ఫైల్లో పెట్టలేదు. రాత్రి అందరూ పడుకున్నాక అక్కే వెతికి పెట్టుకుంది. 

కౌంటర్ ఆవిడ లైసెన్స్, రిటర్న్ కాపీలు తీసుకుంది. తేదీ సవరించడానికి ఒక ఫారమ్ ఇచ్చింది. స్కూలు కాగితం కూడా చూసి, అందులో పాప పేరు పలకడానికి ప్రయత్నించి, నవ్వింది. రెసిడెన్సీ సంగతి కొన్ని రోజుల్లో పోర్టల్‌లో కనిపిస్తుందంది. అక్క అప్పుడు అడిగింది, ఇన్నాళ్లుగా లోపల దాచుకున్న ప్రశ్న.

"మరి సీటు వస్తుందంటారా?"

ఆవిడకి ప్రశ్న అర్థం కాలేదు. అక్క రెండోసారి వేరేగా అడిగింది. అప్పుడు ఆవిడ స్క్రీన్ మీద ఐడీ నంబరు చూపించి, నంబరు వచ్చిందంటే మీరు ఇప్పటికే ఇక్కడి స్టూడెంట్ అంది. ఇక మిగిలింది ఓరియెంటేషన్ పూర్తి చేసి, కౌన్సెలర్‌తో మాట్లాడి, క్లాసు ఎంచుకోవడం. మంచి క్లాసులు త్వరగా నిండిపోతాయి, వెయిట్‌లిస్ట్‌లో పడ్డా వదిలేయొద్దు, మొదటి వారంలో చాలామంది మానేస్తారు అని జాగ్రత్త చెప్పింది.

బయటికొచ్చాక అక్క ఒక చెట్టు కింద బెంచీ మీద కూర్చుంది. ఇంటి నుంచి తెచ్చిన పులిహోర డబ్బా తీసింది. "కాలేజీ క్యాంటీన్ ఉంది కదా" అన్నా. "మొదటి రోజే ఖర్చెందుకు," అంది. మా ముందు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలు స్కేట్‌బోర్డుల మీద పోతున్నారు. వాళ్ల వెనకే వాకర్ పట్టుకుని ఒక ముసలావిడ, భుజాన బ్యాగుతో. ఎవరూ ఎవరినీ వింతగా చూడటం లేదు.

"వీళ్లందరిలో నేను పెద్దదాన్నేం కాదురా," అంది అక్క. లెక్కపెట్టినట్టుంది.

హైదరాబాద్ వచ్చాక

శనివారం ఫ్లైటెక్కా. సెప్టెంబర్ రెండో వారంలో అక్క వీడియో కాల్ చేసింది. రెసిడెన్సీ సరిచేశారు. చైల్డ్ డెవలప్‌మెంట్‌లో తను అనుకున్న మొదటి క్లాసు నిండిపోయింది, వెయిట్‌లిస్ట్‌లో మూడో నంబరు. ఆన్‌లైన్‌లో ఇంకో క్లాసు మాత్రం దొరికింది. ఒక్క క్లాసుతోనే మొదలు. ఈ లెక్కన డిగ్రీ ఎప్పటికవుతుందో తెలీదు. 90 యూనిట్లలో నాలుగు. ఐ-140 ఎప్పుడొస్తుందో, ఈఏడీ ఎప్పుడొస్తుందో అంతకన్నా తెలీదు. కోర్సయ్యాక కూడా ఈఏడీ లేకపోతే ఆ కంచె లోపలికి టీచర్‌గా వెళ్లలేదు. అన్నీ తెలిసే చేరింది.

"ఫీజు నేను కడతా అక్కా" అన్నా. 124 డాలర్లు, మన డబ్బుల్లో పదివేల పైచిలుకు. నా నెల జీతంలో అది ఎంతో తనకీ తెలుసు, నాకూ తెలుసు. వద్దంటుందనుకున్నా. వద్దంటే ఏం చెప్పాలో డైలాగులు కూడా రెడీగా ఉన్నాయి.

"కట్టు," అంది. "మెస్ బిల్లు బాకీ ఉంది కదా."

కార్డు నంబరు చదివి వినిపించా. రసీదు వెంటనే తన మెయిల్‌కి వచ్చింది. స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది. అందులో మా ఊరి నుంచి నాన్న ఉన్నారు, అమ్మ ఉంది, బావ ఉన్నారు. వాళ్ల అత్తమ్మ కూడా ఉన్నారు.

చాలాసేపు ఎవరూ ఏం పెట్టలేదు. తర్వాత వాళ్ల అత్తమ్మ వాయిస్ మెసేజ్ పెట్టారు. "డిగ్రీ అయ్యాక మళ్లీ చదువేంటమ్మా? సరే, పాపకి తలదువ్వడం మర్చిపోకు."

అక్క దానికి టైప్ చేసిన జవాబు ఇక్కడ రాయొచ్చా అని అడిగితే రాసుకోమంది. "డిగ్రీ అవ్వలేదు అత్తమ్మా. ఇప్పుడు అవుతుంది."